దూరపు తుఫానుకు జహీరాబాద్ చందా: డబ్బా ఎవరిది, లెక్క ఎవరిది?

2025 అక్టోబర్ 28 రాత్రి తెలుగు ఇళ్లలో టీవీలన్నీ ఒకటే వార్త చూపించాయి. మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటుతోంది. దాదాపు అవే గంటల్లో భూగోళానికి అవతలి వైపు, పట్టపగలు, మెలిస్సా అనే హరికేన్ జమైకా మీద పడింది. వెస్ట్‌మోర్‌ల్యాండ్ ప్రాంతంలో న్యూ హోప్ అనే చోట తీరాన్ని తాకినప్పుడు గాలి వేగం గంటకు దాదాపు 295 కిలోమీటర్లు. సరిగ్గా నెల తిరిగేసరికి, నవంబర్ 28న, దిత్వా తుఫాను శ్రీలంకను ముంచింది. అక్కడ 600 మందికి పైగా చనిపోయారు.

పేర్లు వేరైనా కష్టం ఒకటే. బంగాళాఖాతంలో పుడితే తుఫాను అంటాం, అట్లాంటిక్‌లో పుడితే హరికేన్ అంటారు. పైకప్పు ఎగిరిపోయిన ఇల్లు, తడిసిన బియ్యం బస్తా, నీళ్లలో కొట్టుకుపోయిన స్కూలు పుస్తకాలు ఎక్కడైనా ఒకేలా కనిపిస్తాయి. ఆ వీడియోలు వాట్సాప్‌లో తిరుగుతూ జహీరాబాద్ దాకా వస్తాయి. జుమా నమాజు తర్వాత ఎవరో ఒకరు అడుగుతారు: "మనం కూడా ఏమన్నా పంపొద్దా?" ఆ మాట విని ఒక దుకాణదారు గల్లా పక్కన ఒక డబ్బా పెట్టాలనుకుంటాడు, లేదా గోడకు తన క్యూఆర్ కోడ్ అంటించాలనుకుంటాడు.

నీయత్‌లో తప్పేమీ లేదు. అడగాల్సింది తర్వాతి ప్రశ్న. ఆ డబ్బాలో పడిన పది, ఇరవై, వంద రూపాయలు జమైకాకో శ్రీలంకకో నిజంగా చేరే దారి ఉందా? చేరకపోతే ఆ అమానత్ ఎవరి మెడకు చుట్టుకుంటుంది?

జమైకా మనకు అంత దూరమా?

క్రికెట్ చూసే పిల్లలకు జమైకా కొత్త కాదు. క్రిస్ గేల్, ఆండ్రే రస్సెల్ అక్కడివాళ్లే. పెద్దలకు అంతకంటే పాత సంబంధం ఒకటి ఉంది. 1845లో బ్లండెల్ అనే ఓడ మొదటిసారి భారతీయ కూలీలను చెరకు తోటల పని కోసం జమైకాకు తీసుకెళ్లింది. ఆ తర్వాతి డెబ్బై ఏళ్లలో వేలాది మంది వెళ్లారు. వాళ్లలో ముస్లింలు కూడా ఉన్నారు. వాళ్లు తీసుకెళ్లిన ముహర్రం అక్కడ 'హోసే' అనే పేరుతో తాజియాల ఊరేగింపుగా నిలిచిపోయింది, అందులో హిందువులూ, నల్లజాతివాళ్లూ పాల్గొన్నారు. తెలంగాణ ఊళ్లలో పీర్ల పండుగ ఎరిగినవారికి ఇది వింతగా అనిపించదు. చెరకు పండించే జహీరాబాద్ రైతుకు చెరకు తోటల కోసం దేశం దాటిన కూలీ కథా పరాయిది కాదు.

మెలిస్సా అక్కడ చేసిన నష్టాన్ని ప్రపంచ బ్యాంకు దాదాపు 880 కోట్ల డాలర్లుగా అంచనా వేసింది. అది ఆ దేశపు ఏడాది ఆదాయంలో నూటికి 40 వంతుల పైమాటే. బ్లాక్ రివర్ అనే పట్టణం దాదాపు మొత్తం దెబ్బతింది. అయితే జమైకా ప్రభుత్వం ముందే ఒక జాగ్రత్త తీసుకుంది. ప్రపంచ బ్యాంకు ద్వారా విపత్తు బాండ్లు అమ్మి, తుఫాను ఒక స్థాయి దాటితే డబ్బు వచ్చేలా ఏర్పాటు చేసుకుంది. మెలిస్సా తర్వాత ఆ 15 కోట్ల డాలర్లు పూర్తిగా అందాయి. భారత వైమానిక దళం విమానంలో దాదాపు 20 టన్నుల సామగ్రి, ఎక్కడికైనా మోసుకెళ్లగల 'భీష్మ్' వైద్య కేంద్రం ఇక్కడి నుంచి వెళ్లాయి. శ్రీలంకకైతే 'ఆపరేషన్ సాగర్ బంధు' పేరుతో నౌకలు, విమానాలు, ఎన్‌డీఆర్‌ఎఫ్ బృందాలు వెళ్లాయి.

అంటే పెద్ద లెక్కలు ప్రభుత్వాలవి, బీమాలవి. రోడ్లు, వంతెనలు, ఆస్పత్రులు చందాలతో లేవవు. మామూలు మనుషుల చందా పనికొచ్చేది ఇంకో చోట. మొదటి వారాల్లో ఒక కుటుంబానికి అన్నం, మందులు, రేకులు, చేతిలో కొంత నగదు. చిన్న మొత్తమే, కానీ సమయానికి, సరైన చేతికి చేరాలి. చిక్కంతా ఆ చేరడంలోనే ఉంది.

డబ్బా దగ్గర ఆగే చట్టం

భారతదేశం నుంచి ఒక మనిషి విదేశానికి దానం పంపొచ్చు. రిజర్వ్ బ్యాంకు 'ఎల్‌ఆర్‌ఎస్' అనే పథకం కింద ఒక్కో వ్యక్తి ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల వరకు బయటికి పంపుకోవచ్చు. బహుమతి, దానం కూడా అందులోకి వస్తాయి. పాన్ కార్డు ఉండాలి, బ్యాంకులో ఫారం నింపాలి. ఇంతవరకు సులువే.

అయితే ఆ కాగితాల్లో ఒక ప్రకటన మీద సంతకం పెట్టాలి. పంపుతున్న డబ్బు తన సొంతదని రాసివ్వాలి. దుకాణం డబ్బాలో వంద మంది వేసిన పైసలు దుకాణదారు సొంతం కాదు. వాటిని తన ఖాతాలో వేసుకుని, "ఇది నా డబ్బే" అని సంతకం పెడితే అది అబద్ధపు ప్రకటన అవుతుంది. మంచి పని కోసం చేసినా అబద్ధం అబద్ధమే. తర్వాత ఎవరైనా అడిగితే ఇరుక్కునేది సంతకం పెట్టిన మనిషి.

ఈ పథకం వ్యక్తులకే. కంపెనీ, భాగస్వామ్య సంస్థ, ట్రస్టు పేరు మీద వాడుకోవడానికి లేదు. కాబట్టి "మా ట్రేడర్స్ తరఫున", "మా అసోసియేషన్ తరఫున" అని వసూలు చేసి ఈ దారిలో పంపడం కుదరదు.

ఇన్‌కమ్ ట్యాక్స్ చిక్కు ఇంకోటి. బంధువులు కానివారి నుంచి ఏడాదిలో మొత్తం 50 వేల రూపాయలు దాటి ఊరికే వచ్చిన డబ్బును చట్టం ఆదాయంగా లెక్కిస్తుంది. సొంత క్యూఆర్ కోడ్ మీద చందా వసూలు చేసిన యువకుడి ఖాతాలో చిన్న చిన్న మొత్తాలు వందల సార్లు పడతాయి. బ్యాంకు కళ్లకు అది చందాలా కనిపించదు, అనుమానాస్పద లావాదేవీలా కనిపిస్తుంది. ఈ రోజుల్లో సైబర్ మోసాల ఫిర్యాదుల మీద ఖాతాలు స్తంభించడం మామూలైపోయింది. చందా వేసినవారిలో ఒక్కరి డబ్బు మీద ఫిర్యాదు ఉన్నా, దాన్ని అందుకున్న ఖాతా చిక్కుల్లో పడొచ్చు. దుకాణం సరుకు డబ్బూ, పిల్లల ఫీజూ అదే ఖాతాలో ఉంటే ఆ ఇల్లు ఏం కావాలి?

ఇవన్నీ తప్పించుకోవడానికి హవాలా దారిలో పంపుదాం అని ఎవరైనా సలహా ఇస్తే దాన్ని అక్కడే ఆపేయాలి. అది విదేశీ మారక చట్టానికి విరుద్ధం. ముస్లిం పేరున్న దుకాణం నుంచి విదేశానికి లెక్క లేని డబ్బు వెళ్లిందంటే, తుఫాను బాధితుల కోసం అన్న మాట వినేవాడు ఎవరూ ఉండరు. ఇది న్యాయమా కాదా అన్నది వేరే చర్చ. కాగితం లేని సదఖా వల్ల ఒక కుటుంబం ఏళ్ల తరబడి తిరగాల్సి రావొచ్చన్నది మాత్రం వాస్తవం.

పెద్ద కంపెనీలు పంపొచ్చు కదా?

జహీరాబాద్‌లోనే మహీంద్రా ట్రాక్టర్ల ఫ్యాక్టరీ ఉంది. "అలాంటి కంపెనీల సీఎస్‌ఆర్ నిధులు అడగొచ్చు కదా" అని కొందరికి అనిపిస్తుంది. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు లాభంలో నూటికి రెండు రూపాయలు సామాజిక పనులకు పెట్టాలి, విపత్తు సాయం కూడా ఆ జాబితాలో ఉంది. అయితే దేశం బయట చేసే పని ఆ లెక్కలోకి రాదు. ఏ కంపెనీ అయినా జమైకాకు సాయం చేయాలనుకుంటే సీఎస్‌ఆర్ పద్దులో చూపించుకోలేదు.

ట్రస్టులకూ ఇలాంటి హద్దే ఉంది. దేశంలో రిజిస్టరైన ధర్మాదాయ సంస్థ తన ఆదాయాన్ని విదేశంలో ఖర్చు పెడితే, ప్రత్యేక అనుమతి ఉంటే తప్ప దానికి పన్ను మినహాయింపు దొరకదు. కాబట్టి "విదేశీ తుఫాను సాయానికి ఇవ్వండి, 80జీ రసీదు ఇస్తాం" అని ఎవరైనా పోస్టరు వేస్తే, ఆ అనుమతి కాగితం చూపించమని అడగడం దాత హక్కు.

గల్ఫ్ నుంచి, అమెరికా నుంచి వచ్చే డబ్బు

ఈ ప్రాంతపు ముస్లిం కుటుంబాల్లో బయటి దేశాల్లో ఉన్నవారు చాలామంది. ఊళ్లో చందా మొదలైందని తెలియగానే "నా వంతు కూడా వేయండి" అని రియాద్ నుంచో డాలస్ నుంచో ఫోను వస్తుంది. ఇక్కడ మూడు విషయాలు తెలిసి ఉండాలి.

మొదటిది, ఆ మనిషి పాస్‌పోర్టు ఏ దేశానిది? భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్‌ఆర్‌ఐ తన సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డు మీద ఉన్న మనిషి పంపితే అది విదేశీ విరాళమే. దాన్ని అందుకోవాలంటే ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతో ఉండాలి. 2020 సవరణ తర్వాత అలాంటి డబ్బు ఢిల్లీలోని ఒకే ఎస్‌బీఐ శాఖలో తెరిచిన ఖాతాకే రావాలి. కొడుకు తండ్రికి ఇంటి ఖర్చుకు పంపడం వేరు, ఊరి చందా డబ్బాకు పంపడం వేరు. ఒకే ఇంట్లో ఇద్దరు అన్నదమ్ములు పంపిన డబ్బుకు రెండు వేర్వేరు రూల్స్ వర్తించొచ్చు.

రెండోది, గల్ఫ్‌లో చందా వసూలు మీద ఉన్న ఆంక్షలు. యూఏఈలో 2021 చట్టం ప్రకారం అనుమతి ఉన్న సంస్థలు తప్ప వ్యక్తులు విరాళాలు సేకరించడం నేరం. సౌదీలోనూ వ్యక్తిగత వసూళ్లకు అనుమతి లేదు, 'ఎహ్సాన్' లాంటి అధికారిక వేదికలున్నాయి. జహీరాబాద్ గ్రూపులో వచ్చిన పోస్టరును దుబాయ్‌లోని బంధువు తన క్యాంపులో తిప్పితే అతని ఉద్యోగానికే ముప్పు.

మూడోది, అసలు ఆ డబ్బు జహీరాబాద్ ఎందుకు రావాలి? డాలస్‌లో ఉన్న బిడ్డ అక్కడ రిజిస్టరైన సహాయ సంస్థకు అక్కడే ఇస్తే, అది ఇండియా చుట్టి వెళ్లేదానికంటే త్వరగా, తక్కువ ఖర్చుతో జమైకా చేరుతుంది. 2017లో హార్వీ హరికేన్ హ్యూస్టన్‌ను ముంచినప్పుడు అక్కడి మస్జిదులు అన్ని మతాలవారికీ ఆశ్రయాలుగా తెరుచుకున్నాయి. దగ్గరున్నవాడి చేయి ముందు అందుతుంది.

జకాత్, సదఖా కలిపేయొద్దు

డబ్బా మీద "తుఫాను బాధితులకు" అని మాత్రమే రాసి ఉంటే, వేసేవాడు ఏ నీయత్‌తో వేస్తున్నాడో దుకాణదారుకు తెలియదు. జకాత్‌కు అర్హులెవరో ఖుర్‌ఆన్ ఎనిమిది వర్గాలుగా చెప్పింది. చాలామంది ఉలమాల ప్రకారం జకాత్ ముస్లిం పేదలకు చెందాలి. సదఖా మాత్రం ఏ మతం వారికైనా ఇవ్వొచ్చు. జమైకా బాధితుల్లో అత్యధికులు క్రైస్తవులు. కాబట్టి అక్కడికి పంపేది సదఖాగా ఉండడం మేలు. జకాత్ విషయంలో హనఫీ ఫిఖ్హ్ దగ్గరివారి హక్కును ముందు చూస్తుంది. ఎక్కువ అవసరం ఉన్నచోటో, బంధువులు ఉన్నచోటో అయితే తప్ప వేరే ఊరికి పంపడాన్ని ఇష్టపడదు. సందేహం ఉంటే ఊరి ఇమామ్‌నో ముఫ్తీనో అడిగి, డబ్బా మీద ఒక్క మాట స్పష్టంగా రాయాలి: "ఇది సదఖా, జకాత్ కాదు."

అమానత్ విషయంలో అసలు వెసులుబాటే లేదు. శ్రీలంక పేరు చెప్పి తీసుకున్న పైసలను, అక్కడికి పంపడం కుదరలేదని కమిటీ పెద్దలే నిర్ణయించి మస్జిద్ మరమ్మతుకు వాడడం ఇచ్చినవాడి నీయత్‌ను మార్చడమే. పంపలేకపోతే తిరిగివ్వాలి. తిరిగివ్వడం కుదరని డబ్బాలో వేయించుకోవడమే మొదటి పొరపాటు.

దూరమా, దగ్గరా?

"ముందు మన వరంగల్ చూసుకుందాం" అనేవాళ్లూ ఉంటారు. వాళ్ల మాటలో బలం ఉంది. జమైకా కూలిన ఆ రాత్రి గడిచిన మర్నాడే మొంథా వానలకు వరంగల్, హనుమకొండ కాలనీలు మునిగాయి, పత్తి, వరి పోయాయి. 2024 సెప్టెంబర్‌లో ఖమ్మంలో మున్నేరు పొంగినప్పుడు ప్రకాశ్‌నగర్ వంతెన మీద చిక్కుకున్న తొమ్మిది మందిని హర్యానా నుంచి వచ్చి పనిచేస్తున్న ఒక ముస్లిం జేసీబీ డ్రైవర్ ప్రాణాలకు తెగించి కాపాడాడు. అతను ఈ ఊరివాడు కాదు, వంతెన మీదివాళ్లు అతనికి ఏమీ కారు. దూరం, దగ్గర అనే లెక్క అతను వేసుకోలేదు.

అందుకే మనసుకు దూరం అడ్డు కాకూడదు. డబ్బుకు మాత్రం దారి చూసుకోవాలి. పది రూపాయలు వేసే మనిషి సాయం వరంగల్‌కైతే రేపే చేరుతుంది. జమైకాకు పంపాలంటే బ్యాంకు ఛార్జీలే ఆ పది రూపాయలకు ఎన్నో రెట్లు.

వస్తువుల సంగతీ అంతే. 2004 సునామీ తర్వాత తమిళనాడు తీరంలో ఎక్కడెక్కడి నుంచో వచ్చిన పాత బట్టలు గుట్టలుగా పడి చెత్తగా మారాయి. ఇచ్చినవాళ్లది మంచి మనసే, కానీ అవి ఏరడానికే మనుషులు కావలసి వచ్చింది. విదేశానికి వస్తువులు పంపాలంటే ఆ దేశపు రాయబార కార్యాలయం ఏం అడిగిందో చూసి, కొత్తవి, అడిగినవి మాత్రమే ఇవ్వాలి.

ఒక వ్యాపార సంస్థ పిలుపు ఇచ్చి సరిగ్గా చేసిన ఉదాహరణ తెలుగునాటే ఉంది. 1977 నవంబర్ 19న దివిసీమ ఉప్పెన వేల ప్రాణాలు తీసింది. అప్పుడు ఈనాడు పత్రిక పాఠకుల నుంచి విరాళాలు సేకరించి, రామకృష్ణ మిషన్‌తో కలిసి పాలకాయతిప్ప గ్రామంలో ఇళ్లు కట్టించింది. అందులో చూడాల్సినవి మూడు. ఊరి పేరు చెప్పారు. పని తెలిసిన సంస్థ చేతికి పని అప్పగించారు. చివరికి వెళ్లి చూడగలిగే ఇళ్లు మిగిలాయి.

మరి జహీరాబాద్ దుకాణం ఏం చేయొచ్చు?

చట్టం తలుపులన్నీ మూసేయలేదు. సొంత యజమాని నడిపే దుకాణం అయితే యజమాని, దుకాణం వేరు కాదని రిజర్వ్ బ్యాంకే చెబుతుంది. కాబట్టి డబ్బా పెట్టడం కంటే మేలైన దారి ఒకటి ఉంది. "ఈ వారం మా లాభం తుఫాను బాధితులకు" అని యజమాని ప్రకటించొచ్చు. సరుకు అమ్మి, జీఎస్టీ కట్టి, లాభం తన ఆదాయంలో చూపించి, ఆ సొంత డబ్బును తన పాన్ మీద, తన పేరున బ్యాంకు ద్వారా పంపొచ్చు. అప్పుడు "ఈ డబ్బు నాది" అన్న సంతకం నిజమే అవుతుంది. అటూ ఇటూ గిరాకీ ఎప్పుడూ వచ్చేవారే కాబట్టి, పంపిన రసీదును గల్లా దగ్గర అంటిస్తే ఊరంతా చూస్తుంది.

ఎక్కువ మొత్తం ఇవ్వాలనుకునే గిరాకీకి ఎలా పంపాలో చెప్పి, వాళ్ల పేరునే పంపించమనాలి. మెలిస్సా తర్వాత నకిలీ సైట్లు పుట్టుకురావడంతో జమైకా ప్రభుత్వం విరాళాలకు సొంత అధికారిక వెబ్‌సైటు పెట్టింది. శ్రీలంక ప్రభుత్వమూ 'రీబిల్డింగ్ శ్రీలంక' పేరుతో నిధి తెరిచింది. వాట్సాప్‌లో వచ్చిన లింకు నొక్కకుండా ఇలాంటి అధికారిక చిరునామాలు వెతికి పట్టుకోవడం, ఇంగ్లీషు ఫారం నింపడంలో పెద్దవాళ్లకు సాయపడడం కూడా సేవే. చదువుకున్న పిల్లలున్న ఇల్లు ఈ పని అరగంటలో చేయగలదు.

చిన్న మొత్తాలు వేయాలనుకునేవారి కోసం డబ్బా తప్పదనుకుంటే, దాన్ని రిజిస్టరైన, లెక్కలు చూపే సంస్థ పేరు మీదే పెట్టాలి. రసీదు పుస్తకం ఆ సంస్థదే ఉండాలి. డబ్బు దుకాణదారు ఖాతా తొక్కకూడదు. విదేశానికి పంపే అనుమతి ఆ సంస్థకు లేకపోతే డబ్బా మీద జమైకా పేరు రాయకూడదు, "మన రాష్ట్ర వరద బాధితులకు" అని రాయాలి. ముగింపు తేదీ వేయాలి. ఆ రోజు ఇద్దరు ముగ్గురి ముందు తెరిచి లెక్కపెట్టి, మొత్తం ఎంతో జుమా తర్వాత చెప్పాలి.

ఇంత జాగ్రత్త ఎందుకంటే తుఫాను ఒక్కసారే రాదు. అక్టోబర్‌లో మొంథా, మెలిస్సా, నవంబర్‌లో దిత్వా వచ్చాయి. వచ్చే ఏడాది ఇంకో పేరుతో వస్తుంది. మొదటిసారి డబ్బా లెక్క తేలకపోతే రెండోసారి జేబులోకి చేయి వెళ్లదు. దుకాణానికి ఉన్న పెద్ద ఆస్తి గిరాకీ నమ్మకం. పంపిన ఐదు వేలకు రసీదు చూపించిన దుకాణం, లెక్క లేని యాభై వేలు వసూలు చేసిన దుకాణం కంటే బాధితులకు ఎక్కువ కాలం పనికొస్తుంది.